మీదే ఊరండీ?

ఉండవల్లి గుహల మెట్ల దగ్గర పద్మశ్రీ రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. వెనకాల హెలెన్ ఆమె చున్నీ అంచు పట్టుకుని ఉంది. ఎదురుగా ఆదివారం జనం. గుహలు చూడ్డానికి వచ్చినవాళ్ళు గుహల్ని వదిలేసి ఇటు తిరిగారు. రాతిలో పడుకున్న స్వామి ఎక్కడికీ పోడు, రేపైనా చూడొచ్చు. ఈ అమ్మాయి మళ్ళీ దొరుకుతుందా?

"ఏ దేశం అమ్మా ఈవిడది?"

"మలావి అండీ. ఆఫ్రికాలో."

"ఆ జుట్టు నిజందేనా?"

"నిజందేనండీ. కాస్త జరగండి."

"అన్నం తింటుందా?"

"తింటుందండీ. దారివ్వండి, ప్లీజ్."

"ఒక్క ఫోటో. ఒక్కటంటే ఒక్కటే."

"ఆవిడకి ఇబ్బందండీ, వద్దండీ."

మలావి నుంచి వ్యవసాయం చదివే విద్యార్థులు కొందరు రెండు వారాల కోసం విజయవాడ వచ్చారు. ఆ దేశం ఎక్కడుందో పద్మశ్రీ కూడా మొన్ననే ఫోన్లో వెతికి చూసుకుంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళకీ కాలేజీలోంచి ఒకళ్ళని తోడిచ్చారు. హెలెన్ పద్మశ్రీ వంతుకొచ్చింది. "కంటికి రెప్పలా చూసుకోవాలమ్మాయ్" అన్నారు ఈ కార్యక్రమమంతా చూసే లక్ష్మీకాంత్ సార్. పద్మశ్రీ ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. రెప్ప అన్నాక మూసుకోవడమే కాదు, తెరుచుకోవడం కూడా ఉంటుందని ఆ పిల్లకి అప్పటికింకా తట్టలేదు.

హెలెన్ మంచి పొడగరి. జుట్టంతా సన్నటి జడలుగా అల్లుకుని, అన్నిటినీ కలిపి నడినెత్తిన ముడి వేసుకుంటుంది. హాస్టల్లో ఉన్నంతసేపూ గలగలా మాట్లాడుతుంది, క్యారమ్స్ ఆడితే ఎవర్నీ గెలవనివ్వదు. గేటు దాటితే చాలు, బిగుసుకుపోతుంది. ఆమెతో వచ్చిన బెన్నీకి ఈ బాధ లేదు. అడిగినవాళ్ళందరి భుజాల మీదా చెయ్యేసి, రెండు వేళ్ళు చూపించి, కొత్త పెళ్ళికొడుకులా ఫోటోలు దిగుతున్నాడు. నువ్వూ అలా ఉండొచ్చుగా అని హెలెన్‌కి చెప్పినవాళ్ళున్నారు. చెప్పడానికేం, బెన్నీ జుట్టు ఎవరూ పట్టుకు లాగలేదు.

హెలెన్ జుట్టు లాగారు. ఎవరో తల్లి పద్మశ్రీ చెయ్యి కిందనుంచి దూరి, పసిపిల్లని తెచ్చి హెలెన్ చేతుల్లో పెట్టేసింది. పిల్ల గుక్కపట్టింది. హెలెన్ ఆ పిల్లని పడేయకుండా పట్టుకోవాలా, తిరిగిచ్చేయాలా తెలియక నిలబడిపోయింది. ఆ గొడవలో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ముడిలోంచి జారిన జడని గుంజి చూసింది. "నిజందేనే!" అని ఒక అరుపు. ఇంకో అమ్మాయి తన స్నేహితురాలితో, "నల్లగా ఉన్నా కళగా ఉందే" అంది. ఇద్దరూ కిసుక్కున నవ్వారు.

"ఏమంది?" అని హెలెన్ పద్మశ్రీ చెవిలో ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు బాగున్నావంది."

హెలెన్ పసిపిల్లని తల్లికిచ్చేసి మళ్ళీ చున్నీ అంచు పట్టుకుంది. ఇంక వదల్లేదు. కాలేజీ బస్సెక్కాక చూస్తే ఆ అంచు చెమటకి తడిసి, వేళ్ళ మడతలు పడి ఉంది.

మర్నాడు బీసెంట్ రోడ్డు. వాళ్ళమ్మకి మంగళగిరి చీర కొనుక్కెళ్ళాలని హెలెన్ కోరిక. లక్ష్మీకాంత్ సార్ రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు నలుగురు ముందు, నలుగురు వెనక, మధ్యలో హెలెన్. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకనెట్టుకెళ్ళడమంటే అదే. మామూలుగా నడిచి వెళితే పదిమంది చూసేవాళ్ళు. చుట్టూ కాపలా పెట్టుకుని వెళ్ళేసరికి ఎవరో పెద్ద మనిషే అయ్యుంటుందని వీధి వీధంతా కదిలింది.

"ఏ సినిమా అండీ?" అని చెప్పుల బండివాడు అడిగాడు.

"సినిమా కాదండీ, స్టూడెంట్" అంది పద్మశ్రీ.

"అలాగే అంటార్లెండి" అన్నాడతను, ఫోన్ తీస్తూ.

చీరల కొట్లో కూర్చున్నారు. గుమాస్తా నీలం రంగు చీర విప్పి, జరీ అంచు కనపడేలా చేతి మీద పరిచాడు. హెలెన్ వేళ్ళతో ఆ అంచు తడిమింది. అప్పుడు తలెత్తి చూస్తే అద్దాల తలుపు బయట ముఖాలు, ముఖాలకి అడ్డంగా ఫోన్లు. హెలెన్ చెయ్యి వెనక్కి తీసుకుంది.  ఏమీ కొనకుండానే లేచి వెళ్ళి బస్సులో కూర్చుని కర్టెన్ లాగేసుకుంది.

ఆ సాయంత్రం హాస్టల్ డాబా మీద ఇద్దరూ ఆరిన బట్టలు తీస్తున్నారు. హెలెన్ క్లిప్పులు తీసి జేబులో వేసుకుంటోంది. పద్మశ్రీ దుప్పటి రెండు కొసలూ పట్టుకుని నిలబడితే, హెలెన్ మిగతా రెండు కొసలూ పట్టుకుని మడత పెట్టడానికి దగ్గరకొచ్చింది.

"రేపటినుంచి నేను రాను" అంది. "మాతో వచ్చిన మేడమ్‌తో చెప్పేశాను. మిగిలిన రోజులన్నీ ఇక్కడే ఉంటాను. గదిలో ఫ్యాన్ బాగుంది."

పద్మశ్రీ గుండె జారిపోయింది. రేపు కూచిపూడి, తరవాత సముద్రం. సముద్రం చూడాలనే హెలెన్ ఈ ప్రయాణానికి పేరిచ్చింది. వాళ్ళ ఊరి పక్కన సరస్సుంది, అవతలి ఒడ్డు కనపడనంత పెద్దది. కానీ సముద్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంత దూరం వచ్చి ఒక ఫ్యాను చూసి వెళ్ళిపోతుందా? వెళ్ళాక ఈ ఊరి గురించి, ఇక్కడివాళ్ళ గురించి వాళ్ళమ్మకి ఏమని చెబుతుంది?

"అంత భయమెందుకు? వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. చూస్తారంతే. నేను అడ్డం ఉంటాగా" అంది.

"చూస్తే నాకు భయం లేదు. మా ఊరు సలీమాలో కొత్త మనిషి దిగితే మేమూ చూస్తాం. పిల్లలైతే వెంటపడతారు. కానీ మాట్లాడతాం. పొద్దున్నే ఎవరెదురైనా, ఎలా నిద్ర లేచావని అడక్కుండా ముందుకి నడవం. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు."

"అడగరా! రెండు రోజుల్నుంచీ జవాబులు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది!"

"అవును, నీ గొంతే పోయింది. నిన్ను అడుగుతారు. నేనేం తింటానో నిన్ను అడుగుతారు, నా జుట్టు సంగతి నిన్ను అడుగుతారు. నువ్వే చెబుతావు. సంతలో మేకని నిలబెట్టి పక్కన బేరమాడుకుంటారు చూడు, అలా నిలబడి ఉంటాను నేను. చుట్టూ జనం ఎంత పెరిగితే నువ్వు అంత అడ్డం వస్తావు. నువ్వు అడ్డం వచ్చేకొద్దీ నాకు భయం పెరుగుతుంది."

పద్మశ్రీకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. దుప్పటి కొస చేతిలోంచి జారింది. రెండు రోజులుగా తను కాపు కాస్తున్నాననుకుంది. సాయం చేస్తున్నానని లోలోపల కాస్త గర్వపడింది కూడా. ఏడుపొచ్చినంత పనైంది. కానీ హెలెన్ ముఖంలో కోపం లేదు. కింద పడ్డ కొసని వంగి తీసి ఆమె చేతికిచ్చింది.

"ఆ గుహల దగ్గర ఆ అమ్మాయి ఏమంది? నిజం చెప్పు."

"నల్లగా ఉన్నా కళగా ఉందే అంది." ఇంక దాచడమెందుకని పద్మశ్రీ మిగతాది కూడా చెప్పేసింది. "నన్ను కూడా అలాగే అంటారు. మా అక్క పెళ్ళిలో మా మేనత్తయితే వచ్చినవాళ్ళందరితో అదే మాట."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నవ్వాను."

ఇద్దరూ దుప్పటి మడత పూర్తి చేశారు. హెలెన్ దాన్ని పిట్టగోడ మీద పెట్టి, అరచేత్తో నెమ్మదిగా సాపు చేసింది.

"మీవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మొదట అడిగేది ఒకటే మాటలా వినపడుతుంది. ఏంటది?"

పద్మశ్రీ ఆలోచించి, "మీదే ఊరండీ" అంది.

చెబుతుంటే తనకే కొత్తగా తోచింది. బస్సులో పక్క సీటైనా, ఆస్పత్రి బెంచీ అయినా, పెళ్ళి పంక్తిలో పక్క విస్తరైనా, ఈ మాట లేకుండా ఇంకో మాట మొదలవదు. ఊరు తెలిస్తే ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళొకరు తేలతారు. తేలకపోతే పక్క ఊళ్ళో తేలతారు. అడిగితే చెప్పకుండా ఊరుకునేవాడు కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదు. పోట్లాటకి వచ్చినవాడు కూడా ముందు ఊరు చెప్పి తరవాత పోట్లాడతాడు.

"ఇంకోసారి అను" అంది హెలెన్.

పద్మశ్రీ అంది. హెలెన్ అంది. బట్టలన్నీ బకెట్లో వేసుకుని మెట్లు దిగుతూ కూడా అంటూనే ఉంది. మొదటంతస్తు దగ్గర ఆగి, "రేపొక్కరోజు వస్తాను. కుదరకపోతే ఇంక నన్ను రమ్మనొద్దు. ఒక షరతు. నువ్వు నోరెత్తకూడదు" అంది.

కూచిపూడిలో ముందు నాట్యం నేర్చుకునే పిల్లల్ని చూపించారు. పరికిణీలు మోకాళ్ళ పైకి దోపుకున్న చిన్నపిల్లలు వరసగా అడుగులు వేస్తున్నారు. గురువుగారు కర్రతో తాళం తడుతున్నారు. హెలెన్ గుమ్మంలోకి రాగానే ముందు వరస తాళం తప్పింది. వెనక వరస వెళ్ళి ముందు వరసని గుద్దుకుంది. హెలెన్ గబుక్కున గోడ వారకి తప్పుకుని, తన పొడుగునంతా కుదించుకోవాలని చూసింది. పద్మశ్రీ చున్నీ అంచు పళ్ళ మధ్య పెట్టుకుంది.

బయట టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లతో వచ్చారు. హెలెన్ వాళ్ళని చూసి నోరు తెరిచింది. మాట రాలేదు.  వాళ్ళు అడగనైనా అడక్కుండా చెరో పక్కనా నిలబడి ఫోటో తీసుకుని, ఫోన్లో అది చూసుకుంటూ వెళ్ళిపోయారు. హెలెన్ టీ గ్లాసు పట్టుకుని పద్మశ్రీ వైపు చూసింది. ఇంక బస్సెక్కేస్తుంది, అయిపోయింది అనుకుంది పద్మశ్రీ. వెళ్ళి ఆ కుర్రాళ్ళ చొక్కాలు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. షరతు గుర్తొచ్చి కదల్లేదు. హెలెన్ గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు అరచేతులూ తొడలకేసి రుద్దుకుని, అక్కడే నిలబడింది.

అప్పుడొక ఆటో వచ్చి ఆగింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు దిగారు. అందరికంటే పెద్దావిడ పేరు మాణిక్యమ్మ. చెయ్యి పట్టుకుని దిగమని ముందు దిగినవాళ్ళు ఆ పేరు పెట్టి కేకలేస్తున్నారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగి, తలెత్తి హెలెన్‌ని చూసి, నోటిమీద వేలేసుకుంది. తరవాత అలవాటు ప్రకారం పక్కనున్న పద్మశ్రీ వైపు తిరిగి, "ఎవరమ్మా ఈ పిల్ల?" అంది.

పద్మశ్రీ టీ కొట్టువాడి బిస్కెట్ సీసాల్ని పరీక్షగా చూడసాగింది. పెద్దావిడ అడిగితే జవాబు చెప్పకుండా తల తిప్పుకోవడం ఆమె జన్మలో అదే మొదటిసారి. చెవులు ఎర్రబడ్డాయి.

"మీదే ఊరండీ?"

హెలెన్ గొంతు సన్నగా వచ్చింది, చివర కాస్త జీర కూడా. కానీ వచ్చింది. మాణిక్యమ్మ ఉలిక్కిపడి ఇటు తిరిగింది.

"మాదా? మాది మొవ్వ అవతలమ్మా" అంది, తనకి తెలియకుండానే. "అంటే అది మెట్టినూరు. పుట్టింది చల్లపల్లి. మా నాన్న అక్కడ పెద్ద రైతు తల్లీ. ఏం లాభం, ఈ మోకాళ్ళు ఎక్కడికీ కదలనివ్వవు. మా మనవరాలు ఇక్కడ డాన్సు నేర్చుకుంటోంది, చూద్దామని వచ్చాం." ఇంకా చాలా చెప్పింది. హెలెన్‌కి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా ఆవిడ ముఖం మీదనుంచి చూపు తిప్పలేదు. ఆవిడ మోకాళ్ళు చూపించినప్పుడు మోకాళ్ళు చూసింది. నిట్టూరిస్తే తనూ నిట్టూర్చింది. చెప్పుకునే మనిషికి అంతకంటే ఏం కావాలి?

చెప్పడం అయ్యాక మాణిక్యమ్మ, న్యాయంగా, తన వంతు అడిగింది. "మరి మీదే ఊరమ్మా?"

"సలీమా" అంది హెలెన్.

"సలీమాట" అంది మాణిక్యమ్మ మిగతావాళ్ళ వైపు తిరిగి, ఆ ఊరు బందరు పక్కనే ఉన్నట్టు. "సలీమా వాళ్ళమ్మాయిటే. బస్సుందా మీ ఊరికి?"

బస్సంటే అర్థమైంది. హెలెన్ ముందు బస్సు స్టీరింగు తిప్పి చూపించింది, తరవాత రెండు చేతులూ రెక్కల్లా చాపింది. ఆడవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. హెలెన్ కూడా నవ్వింది. హాస్టల్లో నవ్వే నవ్వు అది, పళ్ళన్నీ కనపడేలా. పద్మశ్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు రోజులు చేతులు చాపి నిలబడి తను చెయ్యలేని పని, వణికే గొంతుతో ఒక్క మాటతో చేసిన మనిషిని చూస్తే ఎవరికి మాత్రం ముచ్చటెయ్యదు? నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? ఫోటో సంగతి మాణిక్యమ్మకి గుర్తే రాలేదు. వెళుతూ హెలెన్ బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

మంగినపూడి బీచి దగ్గర బస్సాగేసరికి ఎండ చల్లబడింది. హెలెన్ పద్మశ్రీ కోసం ఆగలేదు. దిగుతూనే చెప్పులు చేతిలో పట్టుకుని నల్లటి ఇసకలో నీళ్ళ వైపు నడిచింది. మొదటి అల పాదాలని తాకగానే కెవ్వుమని అరిచి, వంగి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నాలిక్కి రాసుకుంది. ఉప్పగా ఉందని ముఖం చిట్లించి, మళ్ళీ రాసుకుంది.

జనం చేరారు. చేరకేం చేస్తారు? హెలెన్ ఒక్కొక్కళ్ళనీ అడిగింది. హనుమాన్ జంక్షన్ అన్నారొకరు, ఘంటసాల అన్నారొకరు. ఊరు చెప్పినవాళ్ళు ఊరు చెప్పినట్టే ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సినంత దూరానికి. పద్మశ్రీ కాస్త ఎడంగా ఇసకలో కూర్చుని చూస్తోంది. చేతులకి పనిలేక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇబ్రహీంపట్నం నుంచి కుటుంబమంతా వచ్చి ఇసకలో దుప్పటి పరుచుకున్న సంపూర్ణమ్మ అనే ఆవిడ, ఊరు చెప్పాక కూడా ఫోన్ చేత్తో పట్టుకునే ఉంది. "ఒక ఫోటో తీసుకుందామా తల్లీ?" అని హెలెన్‌నే అడిగింది.

హెలెన్ ఆ ఫోన్ వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. తడి చేతులు స్కర్టుకి తుడుచుకుంది. "వద్దండీ" అంది.

 ఆ మాట పద్మశ్రీ నేర్పలేదు. కానీ రెండు రోజులు ఆమె ముందు నిలబడి అందరితో అన్నది అదేగా! తను అంటే ఎవరూ వినలేదు. ఇప్పుడేమవుతుంది? ఆవిడ చిన్నబుచ్చుకుంటుందా? వినపడనట్టు తీసేసుకుంటుందా?

"సరేలే అమ్మా" అంది సంపూర్ణమ్మ. ఫోన్ సంచిలో పడేసి, దుప్పటి మీద చోటు చూపించింది. "కూర్చో. పులిహోర తింటావా?" అని అన్నం కలిపినట్టు చేత్తో చూపించింది.

హెలెన్ కూర్చుంది. చేత్తో ముద్ద పట్టడం ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్ళింట్లోనూ చేత్తోనే తింటారు. సంపూర్ణమ్మ క్యారేజీ మూతలో రెండోసారి వడ్డించి, పక్కన ఊరమిరపకాయ పెట్టింది. ఈ అమ్మాయి ఇక్కడ ఎవరి చాటునా లేదని, ఎవరి చాటూ ఆమెకి అక్కర్లేదని పద్మశ్రీకి సంతోషం పట్టలేకుండా ఉంది.

అప్పుడొచ్చారు లక్ష్మీకాంత్ సార్. వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు కాలేజీ పేరున్న బ్యానర్ పట్టుకుని గాలితో కుస్తీ పడుతున్నారు.

"పద్మశ్రీ, హెలెన్‌ని పిలమ్మా. గ్రూప్ ఫోటో. ముందు వరసలో మధ్యలో ఆ అమ్మాయి నిలబడాలి, పేపర్‌కి పంపాలి. నువ్వు చెబితే వింటుంది."

పద్మశ్రీ ఇసక దులుపుకుని లేచింది. కాలేజీలో చేరినప్పటినుంచీ సార్‌తో ఆమె 'అలాగే సార్' తప్ప ఇంకో మాట అన్నది లేదు. 

"మీరే అడగండి సార్" అంది.

సార్ కళ్ళజోడు పైనుంచి చూశారు. పద్మశ్రీ తల దించుకోలేదు.  సార్ బూట్లలోకి ఇసక దూరుతుంటే తడబడుతూ దుప్పటి దగ్గరకి నడిచారు. నలిగిన చొక్కా సర్దుకుని, ఇంగ్లీషులో మాట కూడదీసుకుంటున్నారు.

హెలెన్ ముద్ద చేత్తోనే తలెత్తింది. "మీదే ఊరండీ, సార్?"

సార్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. అప్పుడు తట్టింది పద్మశ్రీకి, ఆయనది ఏ ఊరో తనకీ తెలియదని. తరగతిలో ఎవరికీ తెలియదు. సార్‌ని అలా అడగొచ్చని ఎవరూ అనుకోలేదు.

"నాదా?" అన్నారు సార్. బ్యానర్ పట్టుకున్నవాళ్ళ వైపు ఒకసారి, సముద్రం వైపు ఒకసారి చూశారు. "మాది... కోడూరు అవతల అమ్మా. మా ఇంట్లోకి కూడా ఈ హోరు ఇలాగే వినపడేది."

"కోడూరా!" అని సంపూర్ణమ్మ గరిట పట్టుకునే లేచినంత పని చేసింది. "మా పెద్దాడపడుచుని ఇచ్చింది అక్కడేనండీ!"

"ఎవరింటికండీ?" అంటూ సార్ బూట్లు విప్పుకున్నారు.

హెలెన్ కొంచెం పక్కకి జరిగి దుప్పటి మీద ఆయనకి చోటిచ్చింది.